కంటిలో పిచ్చినాళాలు - రక్షక కణాల పాత్ర

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠము)



మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు సైన్సు, లెక్కలు చెప్పుకొనే ఉపాధ్యాయులము. మన కార్యదర్శి గారు వచ్చి, "మాస్టర్ సాబ్, ఈసారి ఆరోగ్యం మీద ఏదైనా చెప్పండి, కాని అందరికీ తెలిసిందే మళ్ళీ చెప్పకండి" అన్నారు. షుగరు ఉంటే తీపి తగ్గించాలి, కాలికి పుండు పడితే ఆలస్యం చేయరాదు, ఇవి అందరికీ తెలిసినవే. కంటి మాట వచ్చేసరికి మాత్రం మన మొహల్లాలలో రెండే జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "అద్దాల నెంబరు మారింది." రెండవది, "మోతియా వచ్చింది, ఆపరేషన్ చేయిస్తే పోతుంది." అద్దాలకు అందనిది, మోతియా ఆపరేషనుకు లొంగనిది ఇంకొకటి ఉన్నది. కంటి లోపలి తెర మీద ఉండకూడని రక్తనాళాలు మొలవడం. పొలంలో పిచ్చిమొక్కలు మొలిచినట్లు మొలుస్తాయి కనుక వాటిని పిచ్చినాళాలు అని పిలుచుకొందాము.

ఇది ఎవరికో వచ్చే వింత జబ్బు కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెలువడినపుడు మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అని తేలింది. 2022లో వెలువడిన మరొక సర్వే ప్రకారం, 40 ఏళ్ళు దాటిన మధుమేహ రోగులలో నూటికి 12.5 మందికి, అంటే ఎనిమిది మందిలో ఒకరికి, కంటి తెర దెబ్బతిన్నది. ఈ హాలులో షుగరు ఉన్నవారిని చేతులెత్తమని మేము అడగము. ఎవరి లెక్క వారే వేసుకోండి.

ముందు ఆ తెర సంగతి. కంటి వెనుక గోడకు లోపలి పక్కన అంటుకొని ఒక పలుచని పొర ఉంటుంది. తెలుగు పుస్తకాలలో దీనిని నేత్రపటలం అంటారు, డాక్టర్లు రెటీనా అంటారు. మా ఉర్దూ పాఠాలలో శబకియా. శబకా అంటే వల. లాటిన్‌లో కూడా 'రెటె' అంటే వలే. అరబ్బీ మాటను యూరప్ వారు తమ భాషలోకి తిప్పుకొన్నందున రెండూ ఒకే అర్థం ఇస్తున్నాయి. ఈ మాట చెబితే మా పిల్లలకు భలే సంతోషం.

ఈ శబకియా ఆకలి ఎక్కువైన పొర. ఒంట్లో ప్రాణవాయువును అన్నిటికంటె ఎక్కువగా ఖర్చు చేసే కణజాలాలలో ఇదొకటి. దానికి రక్తం అందించే కేశనాళికలు వెంట్రుకకంటె ఎంతో సన్ననివి. అవి మూసుకొనిపోతే ఆ భాగం ఆకలితో కేకలు వేస్తుంది. మునిసిపాలిటీ నీళ్ళు రాని వీధి వాళ్ళు ఏం చేస్తారు? ఎవరినో ఒకరిని పిలిచి దొంగ కనెక్షన్ పెట్టించుకొంటారు. ఆ పైపు నాసిరకంది, అతుకులు సరిగా ఉండవు, నాలుగు రోజులకే కారుతుంది. కంటి తెర కూడా ఇదే పని చేస్తుంది. అలా పుట్టిన నాళాల గోడలు బలహీనం. నీరు కారుతుంది, రక్తం చిమ్ముతుంది, వాటి చుట్టూ మచ్చకట్టు ఏర్పడి, అది ముడుచుకొన్నపుడు తెరనే గోడ నుంచి లాగి ఊడదీస్తుంది.

ఆకలిగొన్న తెర నుంచి ఏదో ఒక పదార్థం ఊరి, అదే కొత్త నాళాలను పిలుస్తున్నదని 1948లో మైకేల్సన్ అనే కంటి వైద్యుడు ఊహించాడు. దాని పేరు తెలియదు కనుక 'ఎక్స్' అన్నారు. లెక్కల మాస్టర్లకు ఇది నచ్చే పద్ధతి. ఆ ఎక్స్ విలువ కట్టడానికి నలభై ఏళ్ళు పైన పట్టింది. 1983లో బోస్టన్‌లో డ్వోరాక్ బృందం నాళాలను కారేటట్లు చేసే ఒక ప్రోటీనును కనిపెట్టింది. 1989లో కాలిఫోర్నియాలో ఫెరారా బృందం నాళాలను పెంచే ప్రోటీనును వేరుచేసి, దానికి వి.ఇ.జి.ఎఫ్. అని పేరు పెట్టింది. చూస్తే రెండూ ఒకటే. 1994లో షుగరు రోగుల కంటి లోపలి ద్రవంలో అదే పదార్థం దండిగా దొరికింది.

ఇంతవరకు చాలా పుస్తకాలలో ఉన్నదే. ఈ కథలో ఇంకొక పాత్ర ఉన్నది, అది మన ఒంటి సిపాయిలు. అనగా తెల్ల రక్తకణాలు, వాటి బంధువర్గము.

ఈ బంధువర్గంలో చెప్పుకోదగ్గవి భక్షక కణాలు. 1882లో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇటలీ దేశపు మెస్సీనా పట్టణంలో నక్షత్ర చేప పిల్లలకు ముల్లు గుచ్చి చూశాడు. కణాలు కొన్ని కదలి వచ్చి ముల్లును చుట్టుముట్టాయి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. అప్పటి నుంచి మన బుర్రలో ఒక బొమ్మ నిలిచిపోయింది: సిపాయి వస్తాడు, శత్రువును మింగుతాడు, వెళ్ళిపోతాడు. అది సగం నిజమే. ఈ కణాలు కాపలావాళ్ళే గాక పాకీవాళ్ళు, మేస్త్రీలు కూడాను. చెత్త ఎత్తుతాయి, గాయం పూడుస్తాయి, కొత్త రక్తనాళాలకు దారి చూపుతాయి. అసలు చిక్కంతా ఈ మేస్త్రీ పనిలోనే ఉన్నది.

కంటి తెరలో సొంత కాపురం ఉండే రక్షక కణాలను మైక్రోగ్లియా అంటారు. బిడ్డ గర్భంలో ఉండగానే ఇవి వచ్చి స్థిరపడతాయి. గర్భంలో నాలుగవ నెల ప్రాంతంలో శిశువు కంటి తెర మీద నాళాలు నరం మొదలు నుంచి బయలుదేరి అంచుల వైపు పాకుతాయి. ఎదురెదురుగా వచ్చే రెండు నాళాల కొనలను కలిపి కట్టేది ఈ కణాలేనని 2010లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో చూశారు. పెళ్ళి సంబంధం కుదిర్చే పెద్దమనిషి పని అన్నమాట. అటువంటి మంచివాళ్ళు చెడ్డ పని ఎందుకు చేస్తారు?

షుగరు కథనే తీసుకొందాము. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కేశనాళికల లోపలి గోడకు గీతలు పడినట్లవుతుంది. గోడ జిగటగా మారుతుంది. మామూలుగా జారిపోవలసిన తెల్లకణాలు అక్కడ అంటుకొంటాయి. తెల్లకణం ఎర్రకణం వంటిది కాదు, లావుపాటిది, త్వరగా వంగదు. సన్నని సందులో లారీ ఇరుక్కొన్నట్లు ఇరుక్కొంటుంది. వెనుక రక్తం ఆగుతుంది, ముందున్న తెర ఎండుతుంది. ఎండిన చోటి నుంచి వి.ఇ.జి.ఎఫ్. ఊరుతుంది. ఈ పదార్థం నాళాలను పిలవడమే గాక రక్తంలోని మోనోసైట్లు అనే తెల్లకణాలను కూడా పిలుస్తుంది. వచ్చినవి భక్షక కణాలుగా మారి, ఆకలిని చూసి తామూ మరింత వి.ఇ.జి.ఎఫ్. వదులుతాయి. దానితో ఇంకొందరు వస్తారు. పిలుపు మీద పిలుపు, మంద మీద మంద.

2003లో అచ్చయిన ఒక ఎలుకల పరిశోధన మాకు చాలా ఆసక్తి కలిగించింది. ప్రాణవాయువు కొరత పెట్టిన ఎలుక పిల్లలలో ఈ మోనోసైట్ల జాతి కణాలను మందుతో తీసివేశారు. పిచ్చినాళాలు బాగా తగ్గాయి. తెరలోపల సక్రమంగా పెరగవలసిన నాళాలు మాత్రం వాటి దారిన అవి పెరిగాయి. అంటే మంచి నాళానికి, పిచ్చినాళానికి తేడా తెచ్చే వాటిలో ఈ కణాల రాక ఒకటి.

ఇక్కడ ఆపితే "అయితే సిపాయిలే దొంగలు, తరిమివేయండి" అనిపిస్తుంది. అంత తొందర వద్దు. వృద్ధాప్యంలో కంటి తెర మధ్యభాగం పాడయ్యే జబ్బు ఒకటి ఉన్నది. అందులో తడి రకము అనేదానిలో తెర కిందనుంచి పిచ్చినాళాలు పొడుచుకొని వస్తాయి. లేసరుతో ఎలుకలలో ఇటువంటి నాళాలను పుట్టించి, భక్షక కణాలను తీసివేస్తే నాళాలు చిన్నవయ్యాయని 2003లోనే రెండు బృందాలు చూపాయి. సరిగ్గా అదే సంవత్సరం ఇంకొక బృందం, భక్షక కణాలను పిలిచే సందేశమే పుట్టుకతో లేని ఎలుకలను ముసలివయ్యే దాకా పెంచింది. వాటి కళ్ళలో చెత్త పేరుకొని, ముసలివాళ్ళ జబ్బును పోలిన జబ్బే వచ్చింది, పిచ్చినాళాలతో సహా. పాకీ పని చేసేవాళ్ళు రాకపోతే ఊరు ఏమవుతుందో అదే అయింది.

2020లో కెనడాలోని మాంట్రియల్ బృందం మరో సంగతి తేల్చింది. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు తమ లోపలి డి.ఎన్.ఏ. దారాలనే బయటికి వల లాగా విసిరి, ముసలివైపోయిన పిచ్చినాళాలను పట్టి తుడిచివేస్తున్నవి. అంటే కూల్చే పని కూడా వీటిదే. వల అనే తెర మీద వల విసిరే కణాలు. మేము కల్పించలేదు, అదలా కుదిరింది.

కనుక రక్షక కణం మంచిదా చెడ్డదా అని అడగడమే మాకు సరిగా తోచదు. ఎప్పుడు వచ్చింది, ఎవరు పిలిస్తే వచ్చింది, వచ్చి ఎంతకాలం కూర్చున్నది అని అడగాలి. ఇది చెప్పడానికి మాకొక కారణం ఉన్నది. 2020లో కరోనా వచ్చిన నాటి నుంచి మన బజారులలో 'ఇమ్యూనిటీ పెంచే' సీసాలు, పొట్లాలు విపరీతంగా అమ్ముడుపోయినవి. షుగరు ఉన్నవారు మాత్రలు మానివేసి ఆ కషాయాలు తాగడం మేము ఎరుగుదుము. రక్షణ శక్తి అనేది సీసాలో పోసి లీటరు పెంచుకొనే నూనె కాదు. కంటి విషయంలోనైతే అక్కడ కణాలు తక్కువై జబ్బు రాలేదు, పిలుపు ఆగక జబ్బు వచ్చింది. ఆ పిలుపు ఆపేది చక్కెర, రక్తపోటు అదుపులో ఉండడం.

అట్లాగని అణచివేస్తే చాలునా? 2023లో అమెరికాలో ముసలివారి కంటి జబ్బు పొడి రకానికి రెండు మందులు అనుమతి పొందినవి. ఇవి రక్షక వ్యవస్థకు చెందిన కొన్ని ప్రోటీనులను అణచే సూదిమందులు. తెర కరిగిపోయే వేగం కొంత తగ్గింది. అయితే సూది తీసుకొన్న కళ్ళలో పిచ్చినాళాలు, తీసుకోనివారిలో కంటె ఎక్కువగా మొలిచినవి. ఒక చేత్తో సర్దితే మరో చేతి నుంచి జారినట్లయింది. డాక్టర్లు ఆ కళ్ళను మరింత జాగ్రత్తగా చూస్తున్నారు.

2023లోనే ఆ మాంట్రియల్ బృందం స్థూలకాయం గురించి మరొకటి చెప్పింది. ఎలుకలను కొవ్వు తిండితో లావెక్కించి, తర్వాత మామూలు తిండితో బరువు దించారు. బరువు దిగినా వాటి భక్షక కణాలలో పాత రోజుల గుర్తులు మిగిలే ఉన్నాయట. కంటికి దెబ్బ తగిలితే అవి ఎక్కువ రేగి, పిచ్చినాళాలను ఎక్కువ పెంచాయి. ఇది ఎలుకల మాటే, మనుషులకు యథాతథంగా అంటగట్టరాదు. కాని ఇంట్లో పిల్లలకు రోజూ బేకరీ తిండి పెట్టేవారు వింటే మంచిది.

మన హైదరాబాదులో కూడా ఈ పని జరిగింది. 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలలు నిండక పుట్టిన బిడ్డల కళ్ళలో నాళాల జబ్బు ముదిరినపుడు, కంటిలోని జిగురు పదార్థాన్ని పరీక్షిస్తే మైక్రోగ్లియా కణాలు రేగి ఉన్నట్లు, రక్షక ప్రోటీనులు పెరిగినట్లు కనిపించింది. ఎలుకలలో చూసింది పసిబిడ్డలలో కూడా ఉన్నదన్నమాట.

ఈ పసిబిడ్డల జబ్బు చరిత్ర వింటే మనసు కలుక్కుమంటుంది. 1942లో అమెరికాలో టెర్రీ అనే వైద్యుడు దీనిని మొదట వర్ణించాడు. నెలలు తక్కువ బిడ్డలను బ్రతికించాలని అద్దాల పెట్టెలలో ఉంచి ప్రాణవాయువు ధారాళంగా ఇచ్చేవారు. సగమే పెరిగిన కంటి నాళాలు, ఇక మాతో పనేముంది అన్నట్లు ఆగిపోయేవి. బిడ్డను పెట్టె నుంచి తీసినాక తెరకు ఆకలి మొదలై, పిచ్చినాళాలు పుట్టుకొచ్చేవి. 1950ల నడుమ కారణం తేలేలోపల లోకం మీద దాదాపు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయినట్లు అంచనా. తర్వాత ప్రాణవాయువు మరీ బిగించితే చావులు, మెదడు దెబ్బలు పెరిగాయి. ఇప్పుడు బిడ్డ కాలికో చేతికో యంత్రం తగిలించి కొలిచి ఇస్తున్నారు.

చికిత్స మాట కొంచెం. 1976లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష, షుగరు కళ్ళకు సకాలంలో లేసరు చేస్తే తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. లేసరుతో "కన్ను కాలుస్తారు" అని భయపెట్టేవారున్నారు. నిజమే, అంచులలో కొంత తెరను కాలుస్తారు. ఆకలి తగ్గితే పిలుపు తగ్గుతుంది, మధ్య చూపు దక్కుతుంది. పంటను కాపాడడానికి గట్టు మీది చెట్టు కొట్టినట్లు. 2006 నుంచి వి.ఇ.జి.ఎఫ్.ను పట్టివేసే సూదిమందులు విరివిగా వచ్చినవి. పెద్దపేగు క్యాన్సరుకు 2004లో వచ్చిన బెవాసిజుమాబ్ అనే మందును కూడా చిన్న మోతాదుగా చేసి కంటికి వాడుతున్నారు, ఖరీదు తక్కువ కాబట్టి. కంట్లో సూదా అని అదిరిపోకండి. ముందు చుక్కలు వేసి మొద్దుబారుస్తారు, మందు ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. ఒక్కసారితో మాత్రం సరిపోదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. మధ్యలో మానేవారే ఎక్కువ నష్టపోతున్నారు. తెర మధ్య వాపు ఉన్న కొందరికి స్టెరాయిడ్ పెడతారు. అది నేరుగా ఈ రక్షక కణాల రభసను అణచే మందు. దానితో మోతియా, కంటి ఒత్తిడి పెరగవచ్చు గనుక డాక్టరు కనిపెట్టి ఉండాలి.

మాతో పనిచేసి రిటైరైన ఒక హెడ్‌మాస్టర్ సాబ్ సంగతి చెబుతాము. షుగరు పద్నాలుగేళ్ళు. కళ్ళ ముందు దోమలు తిరుగుతున్నాయని ఒక అద్దాల దుకాణానికి వెళితే నెంబరు మార్చి పంపారు. ఆరు నెలల్లో మూడు జతల అద్దాలు. కంట్లో మందు వేసి పాప పెద్దది చేసి చూడాలని అక్కడ ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున లేచేసరికి కుడి కంటిలో నల్లటి పొగ, రక్తం చిమ్మింది. నొప్పి లేదు. "నొప్పి ఉంటే ముందే పోయేవాణ్ణి కదా భాయ్" అన్నారాయన. ఎడమ కన్ను లేసరుతో దక్కింది. ఇప్పుడు ఆ కంటితోనే పత్రిక చదువుతున్నారు, భూతద్దం పెట్టుకొని.

నొప్పి లేకపోవడమే ఈ జబ్బు గుణం. పెద్దవయసు షుగరైతే తెలిసిన రోజే కంటి తెర చూపించాలి, తర్వాత ఏడాదికొకసారి, డాక్టరు ఇంకా ముందే రమ్మంటే ముందే. షుగరు ఉన్న ఆడపిల్ల గర్భవతి అయితే మొదటి నెలల్లోనే చూపించాలి, ఆ రోజుల్లో కంటి జబ్బు తొందరగా ముదరవచ్చు. అరవై దాటినవారు అప్పుడప్పుడు ఒక కన్ను మూసి తలుపు చట్రాన్ని, కిటికీ ఊచలను చూడండి. తిన్నని గీత వంకరగా కనిపిస్తే తడి రకం జబ్బేమోనని వెంటనే వెళ్ళాలి. బీడీ, సిగరెట్టు ఈ జబ్బుకు దగ్గర చుట్టాలు. సుర్మా పెట్టుకొనే వారికి మనవి, అది తెర దాకా పోదు. సీసం కలిసిన సుర్మా ఐతే కీడు కూడాను.

ఇక మన ఇళ్ళలో నెలలు నిండక పుట్టే బిడ్డలు. మన దేశంలో 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు, లేదా 2,000 గ్రాముల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు, నెల తిరగకుండా కంటి పరీక్ష చేయించాలని వైద్యుల నియమం. 28 వారాల లోపు బిడ్డకైతే, 1,200 గ్రాముల లోపు బిడ్డకైతే రెండు మూడు వారాలకే. హైదరాబాదు వైద్యులు దీనికి హిందుస్తానీలో ఒక మాట పెట్టారు, "తీస్ దిన్ రోషనీ కే", వెలుగుకు ముప్ఫై రోజులు. 2013లో మొదలైన ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకంలో ఈ జబ్బు కూడా చేరి ఉన్నది. చిక్కు ఏమిటంటే, ఆ ముప్ఫై రోజులు మన ఇళ్ళలో తల్లీబిడ్డలను గడప దాటించే రోజులు కావు. అత్తగారు వద్దంటుంది, చలి అంటుంది, దిష్టి అంటుంది. నలభై రోజులు నిండనీ అంటుంది. నలభయ్యో రోజుకు కొందరు బిడ్డలకు లేసరు వేళ మించిపోతుంది. ఈ లెక్క చెప్పవలసింది కోడలికి కాదు. ముందు వరుసలో కూర్చున్న దాదీమాలు, నానీమాలు, మీకే చెబుతున్నాము. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున చీటీ మీద పుట్టిన తేదీ పక్కనే ముప్ఫయ్యో రోజు తేదీ కూడా రాయించుకోండి. ఆ తేదీకి బండి మాట్లాడే పని మన సంఘం కుర్రవాళ్ళు చూసుకొంటామన్నారు.